హెబ్రీయుల గ్రంథములందు దీర్ఘాయువు

మన దేశమున నమస్కరించిన పురుషుని ‘దీర్ఘాయుష్మాన్ భవ’ యనియు, స్త్రీని ‘దీర్ఘసుమంగళీ భవ’ యనియు పెద్దలు దీవించుట పరిపాటి. మొదటి దీవెన పురుషుని యాయువునే కోరును. రెండవది స్త్రీ సౌఖ్యమును భర్త యాయువుతో ముడివేయును. ఆయువు నిజముగా భగవదనుగ్రహమే యగునేని, అది యెవరికి, ఏ నియమముచే లభించునో విచారింపవలసి యున్నది. ఈ విచారమునకు హెబ్రీయుల ప్రాచీనగ్రంథములు మిక్కిలి తోడ్పడును.

ఆ గ్రంథములలో మెతూషెలకు 969, అబ్రాహామునకు 175, మోషేకు 120 సంవత్సరముల యాయువు చెప్పబడినది. అయినను 90వ కీర్తన మానవాయువు 70 ఏండ్లనియు, బలమున్నచో 80 ఏండ్లనియు లోకానుభవమునకు సరిపోవు లెక్కనే చూపుచున్నది. కావున మనము పరిశీలింపవలసినది అంకెలను గాదు, దీర్ఘాయువు వాగ్దానము చేయబడిన తావులను.

అట్టి తావులలో మూడు ముఖ్యములు. మొదటిది, తల్లిని తండ్రిని సమానముగా సన్మానింపుమను ఆజ్ఞ. రెండవది, పక్షిగూడు కనబడినచో పిల్లలతోపాటు తల్లిని పట్టుకొనక విడిచిపెట్టవలయునను విధి. మూడవది, తూనికరాళ్లును కొలపాత్రలును న్యాయముగా నుండవలయునను శాసనము. ఒకటి గృహమునకు, ఒకటి పొలమునకు, ఒకటి యంగడికి సంబంధించినది. మూడింటియందును రక్షింపబడువారు పరుల దయకు లోబడినవారే: వృద్ధులైన తలిదండ్రులు, గూటిలోని పక్షి, త్రాసును నమ్మి కొనువాడు.

తూనికకును ఆయువునకును సంబంధమేమని కొందరడుగవచ్చును. 1876-78 సంవత్సరముల క్షామమున కర్నూలు మండలము ఘోరముగా నష్టపడెను; కంభము నాడా మండలములోనిదే. కూలివానికి లభించునది మానెడు గింజలే యైనప్పుడు, అందు గుప్పెడు తగ్గించినవాడు ఒక శిశువు దినములను తగ్గించినవాడే యగును. దీనికి ప్రతిగా కంభము చెరువును జూడుడు. విజయనగరప్రభువుల కాలమున వరదరాజమ్మ కట్టించెనని ప్రసిద్ధిగన్న యీ చెరువు గుండ్లకమ్మ నీటిని నిలిపి శతాబ్దములుగా పైరులను పోషించుచున్నది. కట్టించినవారి యాయువు ఎన్నడో ముగిసినది. ఆ నేలమీదివారి దినములు మాత్రము పొడిగింపబడినవి. మోషే ధర్మశాస్త్రము దీర్ఘాయువును జనులు తమ దేశమున కలిసి యనుభవించు భాగ్యముగా జెప్పుటలోని భావము నిట్లు గ్రహింపదగును.

ఇక నొక యాక్షేపణ. సత్ప్రవర్తనకు దీర్ఘాయువు ఫలమైనచో, అల్పాయుష్కులందరును పాపులా? ఈ ప్రశ్నను హెబ్రీయులు దాచలేదు. మతసంస్కర్తయగు యోషీయారాజు 39 ఏండ్ల ప్రాయమున మెగిద్దోయొద్ద హతుడయ్యెను. రాజుల గ్రంథము దుష్టుడని వర్ణించిన మనష్షే 55 ఏండ్లు రాజ్యమేలెను. నీతిమంతుడు నశించుటయు, దుర్మార్గుడు చిరకాలము జీవించుటయు కలదని ప్రసంగియే యొప్పుకొనుచున్నాడు. యోబు కష్టములు అతని పాపఫలములని వాదించిన మిత్రులను దేవుడు మందలించెను. కావున ఆయువు వరమనుట యొకటి, అల్పాయువు శిక్ష యనుట వేరొకటి. మొదటిదానినుండి రెండవది సిద్ధింపదు. భర్త మరణించినంతనే బాలవితంతువును మగని మ్రింగినదని దూషించుట కే న్యాయమును లేదు.

జెకర్యా ప్రవక్త దర్శించిన యెరూషలేములో వృద్ధపురుషులును వృద్ధస్త్రీలును చేతికర్రలతో వీధులలో గూర్చుందురు. బాలబాలికలు వారియెదుట నాడుకొందురు. ఆ వృద్ధస్త్రీలలో భర్తృమతు లెవ్వరు, విధవ లెవ్వరని ప్రవక్త యెంచలేదు. విజ్ఞులారా! మనమును స్త్రీని దీవించునపుడు ఆమె యాయువునే కోరుదము. ఆ యాయువునకు వలసిన యన్నమును, విద్యను, గౌరవమును సమకూర్చుదము. అట్లు చేసిననే మన దీవెన సార్థకమగును.