బ్యాటరీ శాతము లెక్క యేల తప్పును?

ల్యాప్‌టాపు వాడు విద్యార్థులలో ఈ వింతను చూడనివారు తక్కువ. తెరమీద బ్యాటరీ 34 శాతము కలదని చూపుచుండగానే యంత్రము చటుక్కున ఆగిపోవును. మఱియొకటి 100 శాతము చూపి, చార్జరు తీసిన పది నిమిషములలోనే 60కి దిగజారును. ఇంకొకటి 7 శాతముకడ గంటసేపు కదలక నిలుచును. ఇట్టివానిని చూచి కొందఱు వెంటనే వేలకొలది రూపాయలు వెచ్చించి క్రొత్త బ్యాటరీ కొందురు. మఱికొందఱు యంత్రము చేయు హెచ్చరికను అబద్ధమని త్రోసివేసి, రాత్రి పొద్దుపోవువఱకు వ్రాసికొన్న పాఠమును కరెంటు పోయిన కొద్దిసేపటికే పోగొట్టుకొందురు. తప్పినది లెక్కయా, చెడినది బ్యాటరీయా యని విడదీసి తెలిసికొను విధమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి. పై తరగతులలో చదివిన విద్యుత్తు పాఠమును, ఒక గడియారమును, ఒక గ్రాఫు కాగితమును తప్ప వేఱు సామగ్రి దీనికి అక్కఱలేదు.

నేటి ల్యాప్‌టాపులలో నుండునది లిథియం అయాన్ బ్యాటరీ. ఇది 1991లో జపానుదేశపు సోనీ సంస్థవారిచే మొదట అంగడికి వచ్చినది. దీనికి మూలమైన పరిశోధనలకుగాను గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఒక్కొక్క ఘటము నిండినప్పుడు సుమారు 4.2 వోల్టులును, ఖాళీయైనప్పుడు సుమారు 3 వోల్టులును చూపును. ఇట్టి ఘటములను రెండింటినో మూడింటినో నాల్గింటినో వరుసగా కలిపి ఒక పెట్టెలో నమర్చుదురు. ఆ పెట్టెలోనే ఘటముల ప్రక్కన ఒక చిన్న చిప్పు కూడ నుండును. తెరమీద మనకు కనబడు శాతమును కట్టునది ఈ చిప్పే. అది చెప్పినదానిని కంప్యూటరు తిరిగి చెప్పుచున్నది. కావుననే విండోసును తుడిచి మరల నెక్కించినను చిప్పులోని లెక్క మారదు. మరమ్మతు అంగళ్లలో కొందఱు మొదట చేయు పని అదియే యగుట విచారకరము.

చిప్పు ఘటము లోపలి విద్యుత్తును చూడజాలదు. గాదె వాకిట కూర్చున్న గుమాస్తాను తలచుకొనుడు. లోపలికి పోయిన బస్తాలెన్ని, వెలికి వచ్చిన బస్తాలెన్ని యని అతడు చిట్టాలో వ్రాసికొనును. లోపల ధాన్యమెంత యని యడిగినచో చిట్టా చూచి చెప్పును. ఎలుకలు తిన్నది ఆ చిట్టా కెక్కదు. ఒక బస్తా తప్పినచో ఆ తప్పు మఱునాటి లెక్కకును సాగును. చిప్పు చేయు పనియు నిట్టిదే. విద్యుత్తు పోవు త్రోవలో మిక్కిలి స్వల్పమైన నిరోధము నొకదానినుంచి, దాని రెండు కొనలమధ్యనున్న వోల్టుల భేదమునుబట్టి ప్రవాహమును కొలిచి, క్షణక్షణమును కూడుచుండును. ఒక ఆంపియరు ప్రవాహము ఒక సెకండుపాటు సాగిన ఒక కులూంబగునని మనము చదివియున్నాము. బ్యాటరీమీద వ్రాసియుండు మిల్లీఆంపియరు గంట యనగా 3.6 కులూంబులు.

ఈ కూడికలో స్వల్పదోషమైనను ఎట్లు పెరుగునో లెక్కించి చూడుడు. కొలతలో 5 మిల్లీఆంపియరుల తప్పు నిలుకడగా నున్నదనుకొందము. దినమునకు 24 గంటలు గనుక తప్పు 120 మిల్లీఆంపియరు గంటలగును. బ్యాటరీ 4000 మిల్లీఆంపియరు గంటలదైనచో అది 3 శాతము. నడుమ సరిదిద్దబడనిచో పది దినములకు 30 శాతమగును.

అట్లయినచో వోల్టులనుబట్టియే శాతమును చెప్పరాదా యని తెలివిగల విద్యార్థి యడుగును. చెప్పవచ్చును గాని, దానికి రెండు చిక్కులు కలవు. ఘటములో 80 శాతమున్నప్పుడు సుమారు 4.0 వోల్టులు, 20 శాతమున్నప్పుడు సుమారు 3.6 వోల్టులు నుండును. అనగా 60 శాతము దిగుటకు వోల్టులు తగ్గునది పదింట నాలుగు వంతులు మాత్రమే. ఒక శాతమునకు 7 మిల్లీవోల్టులైనను లేవు. రెండవ చిక్కు ఘటము లోపలి నిరోధము. అది 0.1 ఓము అనియు, యంత్రము 2 ఆంపియరులు లాగుచున్నదనియు అనుకొందము. ఓము సూత్రమునుబట్టి 0.2 వోల్టు లోపలనే పడిపోవును. పైన చెప్పిన లెక్క ప్రకారము 0.2 వోల్టు అనగా 30 శాతము! యంత్రము పనిచేయుచుండగా వోల్టులను నమ్ముట యెంత ప్రమాదమో దీనివలన తెలియగలదు. ప్రవాహము లేక బ్యాటరీ కొన్ని గంటలు విశ్రమించినప్పుడు మాత్రము వోల్టులు నిజము చెప్పును.

కాబట్టి మంచి చిప్పులు రెండు విధములను కలిపి వాడును. పని జరుగుచుండగా చిట్టా వ్రాయును. విశ్రాంతిలో వోల్టులు చూచి చిట్టాను సరిదిద్దుకొనును. ఎప్పుడును చార్జరునకు తగిలించియే యుంచిన యంత్రమునకు ఈ యవకాశము సగమే దొరకును. నిండిన కొన దానికి తెలియును గాని అడుగు కొన తెలియదు. రెండు కొనలు తెలియనిదే వాని నడుమ పట్టునదెంతయో తెలియదుగదా. బ్యాటరీ యేటికేడు క్షీణించుచుండ, చిట్టాలో మాత్రము పాత కొలతయే నిలిచిపోవును. పాఠశాల కంప్యూటరు గదులలో సంవత్సరము పొడుగున గోడ ప్లగ్గునకు కట్టివేయబడు ల్యాప్‌టాపులు తఱచుగా ఇట్లే యగును.

ఇక 34 శాతముకడ ఆగిపోవు యంత్రము మాట. ఇందు లెక్క తప్పియుండవచ్చును. లేక లెక్క సరిగానే యుండియు బ్యాటరీ ముసలిదై యుండవచ్చును. ముసలి ఘటము లోపలి నిరోధము హెచ్చును. అది 0.2 ఓమునకు పెరిగి, యంత్రము 3 ఆంపియరులు లాగినచో 0.6 వోల్టు పడిపోవును. విశ్రాంతిలో 3.65 వోల్టులు చూపు ఘటము ఆ క్షణమున 3.05కు దిగును. అంతట రక్షణకై యుంచిన యేర్పాటు విద్యుత్తును కోసివేయును. ఊట మందగించిన బావిలో మోట వేసినట్లే యిది: నెమ్మదిగా తోడిన నీరు వచ్చును, వడిగా తోడిన బొక్కెనకు అడుగు తగులును. పైగా వరుసగా కలిపిన మూడు ఘటములలో ఒక్కటి బలహీనమైనను చాలును, మిగిలిన రెంటిలో విద్యుత్తున్నను పెట్టె యంతయు ఆగును. తెర వెలుగు తగ్గించి, ఊరక చదువుకొనుచున్నప్పుడు ఆగక, ఆటయో వీడియోయో పెట్టినప్పుడే ఆగుచున్నచో దోషము ఘటములదే యని యనుమానింపవలెను.

ఈ సందర్భమున 2009లో విండోస్ 7 వెలువడిన తరువాత జరిగిన వృత్తాంతము చెప్పదగియున్నది. అందు బ్యాటరీ మార్చుట మంచిదని తెలుపు హెచ్చరిక యొకటి క్రొత్తగా చేర్చబడెను. ముందటి విండోసులో ఎన్నడును చూడని హెచ్చరిక క్రొత్తదానిలో కనబడుటచే, విండోసే తమ బ్యాటరీలను చెఱచుచున్నదని పెక్కుమంది మొఱపెట్టుకొనిరి. మైక్రోసాఫ్టువారు విచారించి 2010 ఫిబ్రవరిలో సమాధానము ప్రకటించిరి. బ్యాటరీ తన మొదటి శక్తిలో 40 శాతమునకు దిగినప్పుడే ఆ హెచ్చరిక కనబడుననియు, హెచ్చరిక సరియైనదే యనియు, ఆ బ్యాటరీలు నిజముగనే క్షీణించినవనియు వారు తెలిపిరి. పాత విండోసు చూచియు చెప్పక యూరకుండెను. క్రొత్తది చెప్పి నింద మోసెను. కనుక హెచ్చరిక వచ్చినప్పుడు దానిని నమ్ముటకును త్రోసివేయుటకును ముందు పరీక్షింపవలెను.

పరీక్ష కష్టమైనది కాదు. విండోసు యంత్రములో కమాండ్ ప్రాంప్టు తెఱచి, పవర్ అను మాటకు సి, ఎఫ్, జి అను నక్షరములు చేర్చి, ఒక ఖాళీ విడిచి, ముందుకు వాలిన గీత నుంచి, బ్యాటరీ రిపోర్టు అను రెండు మాటలను కలిపి ఇంగ్లీషున టైపు చేసినచో ఒక నివేదిక తయారగును. అది యెక్కడ దాచబడినదో తెరయే చెప్పును. దానిలో చూడవలసినవి రెండు: డిజైన్ కెపాసిటీ, అనగా క్రొత్తలో పట్టునది; ఫుల్ చార్జ్ కెపాసిటీ, అనగా ఇప్పుడు పట్టునని చిప్పు తలచుచున్నది. మొదటిది 41,000 మిల్లీవాటు గంటలును, రెండవది 18,000 నైనచో బ్యాటరీలో 44 శాతమే మిగిలినది. హెచ్చరిక వచ్చిన అది న్యాయమే. మొదటిది 41,000, రెండవది 39,500 అని చూపుచు, యంత్రము మాత్రము ముందు నడిచిన కాలములో సగమే నడచుచున్నచో చిట్టా పాతదనుట స్పష్టము.

పిమ్మట గ్రాఫు గీయవలెను. తెర వెలుగు మార్చక, ఒకే పని చేయుచు, పది నిమిషముల కొకసారి శాతమును వ్రాసికొనుడు. మంచి బ్యాటరీ గీత దాదాపు తిన్నగా దిగును. తప్పుడు లెక్క గీత కొంతదూరము తిన్నగా వచ్చి, 40 దగ్గఱ మెట్టు దిగినట్లు 5నకు పడును. గీతలోని మెట్టు ఎంత యెత్తో, చిట్టాలోని తప్పు రమారమి అంత.

లెక్కను సరిచేయు పద్ధతికి క్యాలిబ్రేషను అని పేరు. బ్యాటరీని 100 శాతమునకు నింపి, రెండు గంటలు చార్జరుమీదనే యుంచవలెను. తరువాత నిద్రపోవు ఏర్పాటును తాత్కాలికముగా మాన్పించి, చార్జరు తీసి, యంత్రము తనంతట తాను ఆగువఱకు తేలికపని చేయుచుండవలెను. ఆ వేళ ముఖ్యమైన వ్రాతపని పెట్టుకొనరాదు. ఆగిన పిదప నాలుగైదు గంటలు విశ్రమింపనిచ్చి, నడుమ తీయక మరల పూర్తిగా నింపవలెను. దీనితో చిప్పునకు రెండు కొనలును తెలియును. ఇప్పుడు నివేదిక చూచినచో 39,500 ఉన్నచోట 21,000 కనబడవచ్చును. బ్యాటరీని చెఱచితిమని భయపడరాదు. గుమాస్తా చాలకాలమునకు గాదె తలుపు తీసి చూచినాడు, అంతే. ఈ పద్ధతి లెక్కను సరిచేయును గాని పోయిన శక్తిని తేజాలదు. పూర్తిగా ఖాళీచేయుట ఘటములకు శ్రమ గనుక అవసరము తోచినప్పుడు మాత్రమే, రెండు మూడు నెలల కొకసారికి మించక చేయుట మేలు.

కొన్ని దోషములుగా కనబడునవి దోషములు కావు. 80 శాతముకడ నిలిచి, ప్లగ్గు పెట్టినను నిండుట లేదని చూపు యంత్రములు కలవు. బ్యాటరీ ఆయువు పెరుగుటకై తయారుచేసినవారే యట్టి హద్దు నుంచుదురు. వారి సెట్టింగులలో దానిని తీసివేయవచ్చును. "ఇంక నిన్ని గంటలు" అను లెక్క మఱింత చంచలమైనది. 48 వాటు గంటల బ్యాటరీ 8 వాటుల పనికి 6 గంటలును, 24 వాటుల పనికి 2 గంటలును వచ్చును. ఒక వీడియో తెఱచినంతనే యంత్రము మాట మార్చుట సహజము. 2016 డిసెంబరులో ఆపిల్ సంస్థవారు మ్యాక్ యంత్రముల పైపట్టీనుండి ఈ లెక్కను తీసివేసి, శాతమును మాత్రము నిలిపిరి. అది మంచిపనియే యని మా తలంపు. బ్యాటరీయే లేదని యంత్రము చెప్పునప్పుడు మాత్రము డివైస్ మేనేజరులో బ్యాటరీ డ్రైవరును తీసి మరల పెట్టుట, బయాసును క్రొత్తదిగా మార్చుట ఉపయోగపడవచ్చును.

మన వేసవిలో ఇంకొక సంగతి గమనింపవలెను. వేడి ఘటములను త్వరగా ముసలివానిని చేయును. సెలవులకు గది మూయుటకు ముందు ల్యాప్‌టాపులను సగము నింపి, కట్టివేసి, చల్లని చోట నుంచుట యుక్తము. పూర్తిగా ఖాళీగా రెండు నెలలు విడిచినచో కొన్ని మరల లేవవు.

బ్యాటరీ ఉబ్బినప్పుడు పైన చెప్పిన పరీక్షలలో నేదియు చేయరాదు. టచ్‌ప్యాడు పైకి లేచుట, మూత సరిగా మూసికొనకుండుట, అడుగు బల్లమీద ఊగుట దాని గుర్తులు. అట్టి యంత్రమును వెంటనే ఆపి, చార్జరు తీసి, తెలిసిన పనివానిచే బ్యాటరీని తీయింపవలెను. గ్రుచ్చుట, నొక్కుట, వంచుట వలన మంట పుట్టగలదు. తీసినదానిని చెత్తకుండీలో వేయరాదు. మనదేశమున 2022లో ఏర్పడిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనలనుబట్టి పాత బ్యాటరీలను సేకరించు బాధ్యత తయారుచేయువారిపై నున్నది గనుక, వారి సేవాకేంద్రమునందో ఈ-వేస్టు సేకరించుచోటనో ఒప్పగింపవలెను.

క్రొత్త బ్యాటరీ వేసినప్పుడు కూడ మొదటి రెండు మూడు పర్యాయములు శాతము తడబడవచ్చును. దానికి ఒకసారి క్యాలిబ్రేషను చేసి, పిదప గ్రాఫు గీసి, తేదీ వేసి దాచియుంచినచో, ఏడాది తరువాత గీయు గ్రాఫును దానిప్రక్కన పెట్టి చూచుకొనవచ్చును.