యూనివర్సిటీలో మొదటి ఏడాది: మన హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

వరికుంటపాడు హాస్టల్లో చదువుకుని పై చదువులకు వెళ్లిన మేము వార్షికోత్సవానికి వచ్చినప్పుడల్లా తమ్ముళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, అక్కడ మనం తట్టుకోగలమా?" తట్టుకోగలరు. అయితే మొదటి ఆరు నెలలు ఎలా ఉంటాయో ముందే తెలిస్తే సగం భయం తగ్గుతుంది. అందుకే ఈ వ్యాసం.

మన జిల్లాకు సొంత యూనివర్సిటీ 2008లో వచ్చింది. అదే నెల్లూరు దగ్గర కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం. అంతకుముందు ఇక్కడి కాలేజీలన్నీ 1954లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. పీజీ అంటే మన మెట్ట ప్రాంతం పిల్లలకు తిరుపతి బస్సే గుర్తుకొచ్చేది. ఇప్పుడు దూరం తగ్గింది గానీ, హాస్టల్ గేటు దాటి కాలేజీ గేటులో అడుగుపెట్టినప్పటి బెరుకు మాత్రం తగ్గలేదు.

మన దగ్గర గంట కొడితే లేచాం, గంట కొడితే తిన్నాం, స్టడీ అవర్‌లో కూర్చున్నాం. అక్కడ గంట లేదు. క్లాసుకు రాకపోయినా ఎవరూ వెతుక్కుంటూ రారు. ఈ స్వేచ్ఛే మొదట మనల్ని దెబ్బతీస్తుంది. లెక్క వేసి చూడండి. సెమిస్టరుకు సుమారు 90 పనిదినాలు. హాజరు 75 శాతం ఉండాలి, అంటే 68 రోజులు. మిగిలినవి 22. ఇంటి మీద బెంగతో శుక్రవారం సాయంత్రం బస్సెక్కి మంగళవారం పొద్దున తిరిగొస్తే శనివారం, సోమవారం రెండూ పోతాయి. అలా పదకొండుసార్లు వెళ్తే 22 రోజులూ అయిపోయినట్టే. ఇక జ్వరానికీ, ఊళ్లో తిరునాళ్లకూ ఒక్క రోజు కూడా మిగలదు. స్కాలర్‌షిప్పుకు కూడా ఈ హాజరే చూస్తారు కాబట్టి దెబ్బ రెండు వైపులా తగులుతుంది. మా సలహా ఏమిటంటే, మొదటి నెల కష్టమైనా ఇంటికి వెళ్లకండి. అమ్మతో ఫోన్లో మాట్లాడండి.

ఇక అందరికంటే ఎక్కువ ఏడిపించేది ఇంగ్లీషు. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లీషు మీడియంలోకి మారింది. బళ్లో పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా, సారు తెలుగులో చెబితే విన్నవాళ్లమే మనలో ఎక్కువ. అక్కడ లెక్చరరు గారు గంటసేపు ఇంగ్లీషులో చెప్పి వెళ్లిపోతారు. మనకు విషయం రాక కాదు, పేరు తెలియక ఆగిపోతాం. త్వరణం తెలుసు, యాక్సెలరేషన్ అంటే తడబడతాం. కిరణజన్య సంయోగక్రియ బొమ్మ వేసి మరీ చెప్పగలం, ఫోటోసింథసిస్ అని రాయమంటే అక్షరాలు తప్పుతాం. దీనికి మేము పాటించిన పద్ధతి చాలా మామూలుది. రేపటి పాఠాన్ని ఈ రాత్రే తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకంలో తెలుగులో చదువుకోవాలి. ఒక నోటుబుక్కులో పేజీకి మధ్యలో గీత గీసి, ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లీషు మాట రాసుకోవాలి. మర్నాడు క్లాసులో ఆ మాటలు చెవిన పడినప్పుడు పాత పరిచయస్తులు పలకరించినట్టుంటుంది. రోజుకు పది మాటలు చాలు. స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులకు వేలు పోయడం కంటే ఇదే మేలని మా అభిప్రాయం.

డబ్బు సంగతి. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉంది. అది దయ కాదు, హక్కు. 2021 మార్గదర్శకాల ప్రకారం కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు, కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. కాబట్టి చేరకముందే కులం, ఆదాయం సర్టిఫికెట్లు తీసుకోండి, బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిపించుకోండి. టి.సి., స్టడీ సర్టిఫికెట్లు ఇచ్చే ముందు మూడేసి జిరాక్సులు తీసి దాచుకోండి. డబ్బు ఆలస్యంగా వస్తుందనే అనుకుని ఖర్చు పెట్టుకోండి. చాలా యూనివర్సిటీ హాస్టళ్లలో మెస్ డివైడింగ్ పద్ధతిలో నడుస్తుంది. నెల ఖర్చును తిన్నవాళ్లందరికీ పంచుతారు. ఊరెళ్లేటప్పుడు మెస్‌లో చెప్పి వెళ్లకపోతే తినని అన్నానికీ బిల్లు పడుతుంది.

కొత్త చోట తిండి పడకపోవడం, ఒంటరితనం మనకే కాదు. అంబేడ్కర్ గారు 1913 జులైలో న్యూయార్క్ చేరినప్పుడు ఆయన వయసు 22. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ నెలకు పదకొండున్నర పౌండ్లు, అదీ మూడేళ్లకే. కొలంబియా యూనివర్సిటీ హాస్టల్ భోజనం పడక కొద్ది రోజులకే వసతి మార్చుకున్నారు. తర్వాత మరో హాస్టల్లో నావల్ భథేనా అనే పార్సీ మిత్రుడితో కలిసి ఉన్నారు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. 1915కల్లా ఎం.ఏ. పూర్తిచేశారు. గది మారడం తప్పు కాదు, మంచి రూమ్మేటు దొరకడం చిన్న విషయమూ కాదు.

"రిజర్వేషన్ సీటా?" అని అడిగేవాళ్లు ఉంటారు. అవునని చెప్పి పని చూసుకోండి. మాట శృతి మించితే ఎస్సీ, ఎస్టీ సెల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. ర్యాగింగ్‌పై మన రాష్ట్రంలో 1997 నుంచి చట్టం ఉంది. యూజీసీ 2009లో నిబంధనలు కఠినం చేసింది. 1800-180-5522కు ఫోన్ చేస్తే డబ్బులు పడవు.

మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చిన వారంలో పెట్టె సర్దుకుని వచ్చేసినవాళ్లు మన బ్యాచీల్లో ఉన్నారు. వాళ్లు మొద్దులు కారు. ఒకటో రెండో పేపర్లు పోయాయి, అంతే. పదో తరగతిలా ఒక సబ్జెక్టు పోతే ఏడాదంతా పోయినట్టని వాళ్లు అనుకున్నారు. డిగ్రీలో అలా కాదు. పోయిన పేపరు ఉన్నా తరువాతి సెమిస్టర్‌కు వెళ్లవచ్చు, ఆ పేపరు పరీక్ష మళ్లీ పెట్టినప్పుడు ఫీజు కట్టి రాసుకోవచ్చు. ఈ సంగతి చెప్పేవాళ్లు లేక చదువు ఆపేసి పొలం పనికో, బెంగళూరు కూలికో పోయారు. టి.సి. అడగాలనిపించిన రోజున ముందు మాలో ఒకరికి ఫోన్ చేయండి. కావలిలో, నెల్లూరులో, తిరుపతిలో ఉన్న మన పాత విద్యార్థుల నంబర్లు రాసి వార్డెన్ గారికి ఇచ్చి ఉంచాం.