నంబరు ఉంటే చాలదు, మ్యాచ్ అవ్వాలి

అమెరికాలో టీఎస్ఏ ప్రీచెక్ ఉంటే సెక్యూరిటీలో వేరే లైన్. బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీయక్కర్లేదు, బెల్టు విప్పక్కర్లేదు. ఇండియన్ పాస్‌పోర్టు వాళ్లకి దీనికి ఒక దారి గ్లోబల్ ఎంట్రీ. 2017 నుంచి మనవాళ్లూ అప్లై చేయొచ్చు, ప్రీచెక్ అందులోనే కలిసి వస్తుంది.

డల్లాస్‌లో ఉన్న మా అక్కకి గ్లోబల్ ఎంట్రీ ఉంది. అయినా పోయిన నెల చంకలో పాపతో మామూలు లైన్‌లోనే నిలబడింది. కారణం డీబీఎంఎస్ చదివిన మనకి ఈజీగా అర్థమవుతుంది.

మెంబర్‌షిప్ మనిషికి, లైన్ మాత్రం టికెట్‌కి. ప్రతి బుకింగ్‌లో పేరు, పుట్టినతేదీ, నోన్ ట్రావెలర్ నంబరు ఎయిర్‌లైన్ టీఎస్ఏకి పంపుతుంది. అవి రికార్డుతో కలవాలి. ఒక ఎయిర్‌లైన్ ప్రొఫైల్లో పెట్టిన నంబరు ఇంకోదానికి తెలీదు. ప్రీచెక్‌లో చేరని ఎయిర్‌లైన్ అయితే నంబరున్నా లాభం లేదు.

చిక్కంతా మన పేర్లతోనే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, టికెట్‌లో ఇనీషియల్ కొట్టేస్తాం. అక్క టికెట్ మీద ఉన్నది అదే.

అన్నీ సరిగ్గా ఉన్నా ప్రతిసారీ గ్యారంటీ లేదు. అందుకే చెక్-ఇన్ అవ్వగానే బోర్డింగ్ పాస్ మీద ప్రీచెక్ గుర్తు చూడండి. లేకపోతే ఇంట్లో ఉండగానే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి సరిచేయించుకోండి. లైన్‌లో నిలబడ్డాక ఎడిట్ ఆప్షన్ ఉండదు!