వ్యవసాయ వాణిజ్యంలో ఆన్‌లైన్, భౌతిక విపణుల మేళనం: బాధ్యత నిలిచే చోటు

ప్రస్తావన

ఆన్‌లైన్‌లో పుస్తకాల అమ్మకంతో వ్యాపారం ప్రారంభించిన అమెజాన్ సంస్థ, 2017లో సుమారు 1,370 కోట్ల డాలర్లు వెచ్చించి అమెరికాలో హోల్ ఫుడ్స్ అనే ఆహార సరుకుల దుకాణాల సంస్థను కొనుగోలు చేసింది. ఒక పుస్తకం ఏ ప్రతి తీసుకున్నా ఒక్కటే. పండు, కూరగాయ, ధాన్యం అటువంటివి కావు. వాటి నాణ్యత కాయకు కాయకు, రోజు రోజుకు మారుతుంది. అందువల్ల ఆహార పదార్థాల వ్యాపారంలో తెర మీది బొమ్మతో పాటు సరుకును నిలవచేసి, చూసి, అప్పగించే చోటు కూడా అవసరమవుతుంది.

వ్యవసాయ వాణిజ్యంలో డిజిటల్ వ్యూహమంటే యాప్ రూపొందించడమే అన్న అభిప్రాయం విద్యార్థులలోను, రైతు ఉత్పత్తిదారుల సంస్థల నిర్వాహకులలోను తరచుగా కనిపిస్తుంది. సమాచారాన్ని, చెల్లింపును తెర మీదికి మార్చవచ్చును. నాణ్యత నిర్ధారణ, తూకం, నష్టానికి జవాబుదారీ మాత్రం ఒక భౌతిక కేంద్రంలో నిలవాలి. ఏ పనిని ఎక్కడ ఉంచాలో నిర్ణయించడమే మేళన వ్యూహంలో ప్రధానాంశం. ఈ విషయాన్ని మూడు అనుభవాల ఆధారంగా ఈ వ్యాసంలో పరిశీలించడమైనది.

ఈ-చౌపాల్: ధర ఊరిలో, తూకం కేంద్రంలో

ఐటీసీ సంస్థ 2000 సంవత్సరంలో మధ్యప్రదేశ్‌లోని సోయాచిక్కుడు సాగు ప్రాంతాలలో ఈ-చౌపాల్‌ను ప్రారంభించింది. చౌపాల్ అంటే మన రచ్చబండ వంటిది. గ్రామంలోని ఒక రైతును సంచాలకునిగా ఎంపిక చేసి, అతని ఇంట కంప్యూటరును నెలకొల్పారు. కరెంటు, టెలిఫోను సదుపాయాలు సరిగా లేనిచోట సౌర ఫలకాలను, ఉపగ్రహ అనుసంధానాన్ని వినియోగించారు.

రైతు ముందుగా మండీ ధరను, సంస్థ ఇవ్వజూపిన ధరను తన ఊరిలోనే తెలుసుకుంటాడు. సంచాలకుడు నమూనాను చూసి అంచనా ధర చెబుతాడు. అది నచ్చినట్లయితే రైతు సరుకును సేకరణ కేంద్రానికి తీసుకువెళ్తాడు. అక్కడ నాణ్యత పరిశీలన, ఎలక్ట్రానిక్ తూకం, చెల్లింపు జరుగుతాయి. పాత కమీషన్ వ్యాపారులలో కొందరిని సంయోజకులుగా ఈ వ్యవస్థలోకే తీసుకోవడం గమనార్హం. 2004లో సీహోర్ వద్ద చౌపాల్ సాగర్ పేరుతో గ్రామీణ విక్రయ కేంద్రాన్ని కూడా ప్రారంభించారు. పంట అమ్మిన రైతు తనకు కావలసిన సరుకులను అక్కడే కొనుగోలు చేసే వీలు కలిగింది.

అపరాజిత గోయల్ 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ కేంద్రాలు ఏర్పడిన తరువాత ఆ ప్రాంత మండీలలో సోయా సగటు ధర 1 నుండి 3 శాతం వరకు పెరిగింది. సోయా సాగు విస్తీర్ణం కూడా పెరిగింది. ధర తెలియడంతో పాటు సరుకును అమ్ముకునేందుకు మరొక చోటు లభించడం వల్ల మండీలో రైతు బేరమాడే శక్తి పెరిగిందని భావించవచ్చును.

ఈ-నామ్: చూడని సరుకుకు ధర

జాతీయ వ్యవసాయ మార్కెట్ (ఈ-నామ్) 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాలలోని 21 మార్కెట్లతో ప్రారంభమై, 2020 మే నాటికి 1,000 మార్కెట్లకు విస్తరించింది. తెలంగాణలో పసుపు వ్యాపారానికి ప్రసిద్ధి చెందిన నిజామాబాద్ మార్కెట్ కూడా ఇందులో ఉన్నది.

పసుపులో కాడి, గోళ రకాల భేదం, తేమ శాతం ధరను ప్రభావితం చేస్తాయి. యార్డులో ఉన్న వ్యాపారి కొమ్మును విరిచి చూడగలడు. దూరప్రాంత వ్యాపారికి ఆ వీలు లేదు. మార్కెట్ ప్రయోగశాల ఇచ్చే నాణ్యత నివేదిక ఒక్కటే అతనికి ఆధారం. ఆ నివేదిక సకాలంలో రాకపోయినా, దానిపై నమ్మకం లేకపోయినా అతడు ధర వేయడు. అప్పుడు వేలం తెర మీద జరిగినప్పటికీ, పోటీ మాత్రం యార్డులోని పాత వ్యాపారులకే పరిమితమవుతుంది. కనుక ఆన్‌లైన్ వేలం విజయం నాణ్యత పరీక్షపై ఆధారపడి ఉంటుంది.

ఉత్పాదకాల అమ్మకం: విత్తనం మొలవకపోతే ఎవరిని అడగాలి?

ఆంధ్రప్రదేశ్‌లో 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు ప్రారంభమైనాయి. వీటిని ప్రస్తుతం రైతు సేవా కేంద్రాలుగా వ్యవహరిస్తున్నారు. గ్రామస్థాయి కేంద్రంలోని కియోస్క్ ద్వారా విత్తనాలు, ఎరువులు, పురుగుమందులకు ఆర్డరు పెట్టే విధానాన్ని వీటిలో ప్రవేశపెట్టారు. సలహా ఇచ్చేందుకు వ్యవసాయ సహాయకుడు అక్కడే ఉండటం ఈ నమూనాలోని ముఖ్యాంశం.

మరోవైపు, 2022 నవంబరులో పురుగుమందుల నియమాలను సవరించి, లైసెన్సు గల విక్రేతలు ఈ-కామర్స్ వేదికల ద్వారా అమ్ముకునేందుకు కేంద్ర ప్రభుత్వం అనుమతించింది. విక్రేత లైసెన్సును సరిచూసే బాధ్యత వేదికపై ఉన్నది.

చొక్కా కొలత సరిపోకపోతే తిప్పి పంపవచ్చును. విత్తనం మొలవకపోతే అదును తిరిగి రాదు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌కు, ఆంధ్రప్రదేశ్ రైతులకు మధ్య నడిచిన వివాదంలో 2012లో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, పరిహారం కోసం వినియోగదారుల ఫోరాన్ని ఆశ్రయించవచ్చునని స్పష్టం చేసింది. కొన్న విత్తనాన్ని విత్తుకునే రైతు పరీక్ష కోసం నమూనా దాచి ఉంచుతాడని ఆశించలేమన్న వాస్తవాన్ని కూడా గుర్తించింది. అయితే హక్కును వినియోగించుకోవడానికి బిల్లు, లాట్ సంఖ్య గల సంచి, సకాలంలో క్షేత్ర పరిశీలన అవసరం. ఆన్‌లైన్ కొనుగోలులో విక్రేత దూరంగా ఉంటాడు. ఫిర్యాదును స్వీకరించి, పొలాన్ని చూపించి, నమోదు చేయించే స్థానిక కేంద్రం లేకపోతే చిన్న రైతుకు ఆ హక్కు కాగితానికే పరిమితమవుతుంది.

మేళనంలోని లెక్క

ఈ క్రింది అంకెలు బోధన నిమిత్తం ఊహించినవి. ఒక రైతు సంస్థ 100 పెట్టెల మామిడిని పెట్టె రూ.600 చొప్పున ఆన్‌లైన్‌లో అమ్మినదనుకుందాం. రైతుకు చెల్లింపు రూ.300, పెట్టె ఖర్చు రూ.60, ఇంటికి చేరవేత రూ.120, వేదిక కమీషన్ రూ.60 పోగా పెట్టెకు రూ.60 చొప్పున మొత్తం రూ.6,000 మిగులుతుంది. కాయలు చెడిపోయి 10 పెట్టెలకు డబ్బు వాపసు చేయవలసి వస్తే ఆ రూ.6,000 పూర్తిగా హరించుకుపోతుంది.

అదే సంస్థ ఆర్డర్లను ఆన్‌లైన్‌లోనే స్వీకరించి, పట్టణంలోని ఒక కేంద్రానికి సరుకును ఒకేసారి చేర్చి, కొనుగోలుదారులు అక్కడ కాయలను చూసి తీసుకువెళ్లే ఏర్పాటు చేసినదనుకుందాం. చేరవేత పెట్టెకు రూ.50కి తగ్గితే మిగులు రూ.130 అవుతుంది. వాపసులు 4కు తగ్గితే, రూ.13,000 నుండి రూ.2,400, కేంద్రం ఖర్చు రూ.3,000 పోను రూ.7,600 మిగులుతుంది. కేంద్రం అద్దె అదనపు భారంగా కనిపించినప్పటికీ, చేరవేత, వాపసు నష్టాలను అది తగ్గిస్తుంది. అమ్మకాలు తక్కువగా ఉన్నప్పుడు ఇదే అద్దె నష్టానికి దారితీస్తుంది. కనుక ప్రతి సంస్థ తన సొంత అంకెలతో ఈ లెక్క వేసుకోవాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. రైతు సంస్థకు యాప్‌ను సూచించే ముందు గ్రేడింగు బల్ల, తూకం యంత్రం, తేమ కొలిచే సాధనం, నిలవ వసతి ఉన్నవో లేదో పరిశీలించాలి.

2. ధర సమాచారం, ఆర్డరు, చెల్లింపు, నాణ్యత, చేరవేత, ఫిర్యాదు అనే ఆరు పనులను పట్టికగా వేసి, ప్రతి పనికి బాధ్యుని పేరు వ్రాయించాలి. ఖాళీగా మిగిలిన గడిలోనే నష్టం పొంచి ఉంటుంది.

3. ఆన్‌లైన్‌లో ఉత్పాదకాలు కొనే రైతులకు లైసెన్సు వివరాలు చూడటం, బిల్లును, సంచిని, లాట్ సంఖ్యను పంటకాలం ముగిసేవరకు భద్రపరచడం నేర్పాలి.

4. స్థానిక వ్యాపారి అనుభవాన్ని తోసిపుచ్చక, కొత్త వ్యవస్థలో అతనికి తగిన పాత్రను ఆలోచించాలి.

ముగింపు

ఊరి దుకాణదారు అప్పు ఇస్తాడు, మందు పనిచేయకపోతే మాట పడతాడు, మరుసటి పంటకు కూడా అక్కడే ఉంటాడు. అతని ధరలోను, సలహాలోను లోపాలు ఉండవచ్చు గాని, రైతుకు అతడు అందుబాటులో ఉంటాడు. అతని స్థానంలోకి వచ్చే ఏ డిజిటల్ వ్యవస్థ అయినా మంచి ధరతో పాటు ఆ అందుబాటును కూడా కల్పించగలిగితేనే చిన్న రైతుకు మేలు చేకూరుతుంది.