ఒక్క హత్యకు ఇన్ని దేశాల యుద్ధమా?

మొదటి ప్రపంచ యుద్ధానికి తక్షణ కారణం ఏమిటని బడిలో అడిగితే, 1914 జూన్ 28న సరాయెవో నగరంలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య అని మన పిల్లలు రాస్తారు. మార్కులూ వస్తాయి. కాని హంతకుడు అక్కడికక్కడే దొరికిపోయాడు కదా! అతణ్ణి శిక్షిస్తే సరిపోయేది. మరి కోటికి దగ్గరగా సైనికులు ఎందుకు చనిపోయారు?

సరాయెవో బోస్నియాలోని నగరం. ఉస్మానియా పాలనలో ఉన్న ఆ ప్రాంతంలోకి 1878లో ఆస్ట్రియా సైన్యం ప్రవేశించింది, 1908లో పూర్తిగా తనలో కలిపేసుకుంది. పొరుగున ఉన్న సెర్బియాకూ దానిపై కన్ను ఉంది. ఆ నేలపై బతికే ప్రజలను అడిగినవారు లేరు.

జూలై 28న ఆస్ట్రియా సెర్బియాపై యుద్ధం ప్రకటించింది. సెర్బియా కోసం రష్యా, ఆస్ట్రియా కోసం జర్మనీ, రష్యాతో ఒప్పందం ఉన్నందున ఫ్రాన్స్, చివరకు జర్మనీ సేనలు బెల్జియంలో ప్రవేశించగానే ఆగస్టు 4న బ్రిటన్. అంతా ఒక్క వారంలో! న్యాయం ఎవరి పక్షాన ఉందన్న విచారణ వెనుకబడింది. మనవారు ఎవరన్నదే లెక్క అయింది. పుణ్యకార్యాల్లో సహకరించుకోండి, పాపంలో, దౌర్జన్యంలో సహకరించుకోకండని సూరె మాయిదా రెండవ ఆయత్ నేర్పుతుంది. ఆ ఒప్పందాల్లో ఈ షరతుకు చోటెక్కడిది?

దీని కింద దురాశ కూడా ఉంది. ఫ్రాన్స్ 1830లో అల్జీరియాపై దండెత్తింది, 1881లో ట్యునీషియాను చేజిక్కించుకుంది. 1882లో బ్రిటన్ ఈజిప్టును ఆక్రమించింది. ఆలస్యంగా వచ్చిన జర్మనీ మొరాకో విషయంలో 1905లో, మళ్లీ 1911లో వారితో తగవు పడింది. ఇతరుల సొత్తు పంచుకునే దగ్గర వచ్చిన తగాదా ఇది.

ఈ రోగానికి మన ధర్మంలో ఒక పేరుంది: అసబియ్యత్. తన జాతిని ప్రేమించడం అసబియ్యత్ కాదు, దౌర్జన్యంలో తన జాతికి తోడ్పడటమే అసబియ్యత్ అనే భావంగల హదీసును వాసిలా బిన్ అస్ఖఅ (రజి) ఉల్లేఖించారు. దౌర్జన్యపరుడైన సోదరునికీ సహాయం చేయాలని, అతని చేయి పట్టుకుని ఆపడమే ఆ సహాయమని దైవప్రవక్త (స) వివరించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. 1914లో తన మిత్రదేశం చేయి పట్టుకుని గట్టిగా ఆపినవాడు కనిపించడు.

ఇది పరాయివాళ్ల రోగమే అనుకుని మనం తృప్తిపడటానికి వీల్లేదు. ఆగస్టు 2న తుర్కీ పాలకులు కొందరు జర్మనీతో రహస్య ఒప్పందం చేసుకున్నారు. అక్టోబరు చివర నల్లసముద్రంలో రష్యా రేవులపై కాల్పులు జరిపి, నవంబరులో జిహాద్ ప్రకటించారు. కాని బ్రిటిష్ సైన్యంలోనూ వేలాది ముస్లిం సిపాయిలున్నారు. నిజాం బ్రిటిష్ పక్షం వహించారు. హైదరాబాదు ఆశ్విక దళం ఈజిప్టు, పాలస్తీనాలలో ఉస్మానియా సైన్యానికి ఎదురు నిలిచింది. 1916లో మక్కా షరీఫ్ హుసైన్ బ్రిటన్ అండతో తిరుగుబాటు చేశాడు. కలిమా చదివినవారే రెండు వైపులా!

మక్కాలోనూ ఇలాంటిది జరిగింది. ఒక హత్య కారణంగా తెగల పొత్తులు కదిలి ఫిజార్ యుద్ధం రేగింది. ఆ తర్వాత కొంతకాలానికే, అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట మరో ఒప్పందం జరిగింది. అదే హిల్ఫుల్ ఫుజూల్: బాధితుడు ఏ తెగవాడైనా సరే, అతని హక్కు ఇప్పించేదాకా అందరూ ఒక్కటిగా నిలవాలి. యువకులైన ముహమ్మద్ (స) అందులో పాల్గొన్నారు. ఇప్పుడు పిలిచినా వెళ్తానని ప్రవక్త అయిన తర్వాత కూడా చెప్పారు. యమన్ నుండి వచ్చిన ఒక వర్తకుని సరుకు తీసుకుని ఖురైష్ ప్రముఖుడు ఆస్ బిన్ వాయిల్ వెల చెల్లించలేదు. ఒప్పందం చేసుకున్నవారు నేరుగా తమ తెగవాడైన ఆస్ దగ్గరికే వెళ్లి, ఆ పరాయివాడి సొత్తు అతనికి ఇప్పించారు.