వేళ్లకు తోడున్న బూజు

బూజు అనగానే చంపాలనుకుంటాం. మా నాన్న కూడా అలాగే అనుకున్నాడు. నిరుడు మిరప నారు కుళ్లకుండా దుకాణంలో ఇచ్చిన తెగులు మందు నారుమడిలో మూడుసార్లు పోశాడు. నారు కుళ్లలేదు, నిజమే. కానీ జానెడు కూడా ఎదగక, ఆకులు ఊదారంగుకు తిరిగి అలాగే ఉండిపోయింది. నారు చాలక అర ఎకరం బీడు పడింది. ఎందుకిలా అయిందని నేను పుస్తకాలు వెతికాను.

చాలా మొక్కల వేళ్లలో ఒక మంచి శిలీంధ్రం కాపురముంటుంది. ఈ జతకు మైకోరైజా అని 1885లో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రాంక్ పేరు పెట్టాడు. భాస్వరం మట్టి రేణువులకు అంటుకుని కూర్చుంటుంది, తనంతట తాను వేరు దగ్గరకు రాదు. వెంట్రుక కన్నా సన్నని శిలీంధ్రపు పోగులు దూరం పాకి దాన్ని తెచ్చిపెడతాయి. మొక్క బదులుగా చక్కెర ఇస్తుంది. మిరప, జొన్న, కంది, పత్తి అన్నింటికీ ఈ తోడుంది. ఆవాలకు, క్యాబేజీకి మాత్రం లేదు.

అమెరికాలో నిమ్మజాతి నారుమళ్లలో తెగుళ్లు పోవాలని మట్టికి మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించేవారు. తెగులు పోయింది, నారు గిడసబారింది! మందు విషం మిగిలిందా? కాదు. శిలీంధ్రం లేకపోవడమే కారణమని 1972లో క్లైన్‌ష్మిట్, గెర్డెమాన్ చూపించారు.

అన్ని మందులూ ఒకటి కాదు లెండి. ఆకుల మీద కొట్టే పురుగుమందు కన్నా వేళ్ల దగ్గర పోసే శిలీంధ్ర మందులతోనే ఎక్కువ భయం. శాస్త్రవేత్తలు పొలంలో మైకోరైజాను తగ్గించి చూడాలంటే బెనోమిల్ అనే మందే వాడేవారు.

బాక్టీరియా కూడా ఇందులో పనివాళ్లే. కొన్ని ఆమ్లాలు వదిలి భాస్వరాన్ని కరిగిస్తాయి, పోగులు మోసుకొస్తాయి. శిలీంధ్రం వేరును పట్టుకోవడానికి తోడ్పడేవీ ఉన్నాయి. ఫ్రాన్సు శాస్త్రవేత్త గార్బాయ్ 1994లో వాటిని సహాయక బాక్టీరియా అన్నాడు.

ఇదంతా చెబితే నాన్న నమ్మలేదు. "చేసి చూపించమ్మా, అప్పుడు మందు మానేస్తా" అన్నాడు. అందుకే వంటశాల వెనక మూడు డబ్బాల్లో మిరప గింజలు వేశాను. ఒకదాంట్లో మా చేని మట్టి. రెండోదాంట్లో అదే మట్టి బాగా వేయించి. మూడోదాంట్లో వేయించిన మట్టికి గుప్పెడు పచ్చి మట్టి కలిపి. "గుప్పెడు మట్టితో బాక్టీరియా కూడా వస్తుంది కదా, ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది?" అని సైన్సు సారు అడిగారు. రెండు రోజులు ఆలోచించాను. పచ్చి మట్టి కలిపిన నీళ్లను వడపోత కాగితంతో వడగట్టి రెండో డబ్బాలో పోశాను. బాక్టీరియా చిన్నవి, కాగితం దాటుతాయి. ఈ శిలీంధ్రం బీజాలు పెద్దవి, పైనే ఆగిపోతాయి.

డబ్బాల్లో దయచేసి ఎవరూ నీళ్లు పోయకండి. కొలత ప్రకారం నేనే పోస్తున్నాను.