బండి లాగడం లేదా? క్లచ్ జారుతోందా, ఇంజను మిస్సవుతోందా తెలుసుకోవడం ఎలా?

మన హాస్టలులో చదివి వెళ్లినవారిలో టాక్సీ నడుపుకుంటున్నవారు ఉన్నారు, షెడ్లలో పనిచేస్తున్నవారు ఉన్నారు. పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటారు వెహికల్ ట్రేడులో చేరాలనుకునే తమ్ముళ్లూ ఉన్నారు. వారందరికీ ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

షెడ్డుకు వచ్చే డ్రైవరు సాధారణంగా చెప్పే మాట ఒకటే: "బండి లాగడం లేదు, పికప్ పోయింది." ఈ ఒక్క మాట వెనుక రెండు వేర్వేరు జబ్బులు ఉండవచ్చు. ఇంజను బలం పుట్టిస్తున్నా అది చక్రాలకు చేరకపోవడం మొదటిది. దీనినే క్లచ్ స్లిప్ అంటాం. ఇంజనే పూర్తి బలం పుట్టించలేకపోవడం రెండోది. దీనిని మిస్సింగ్ అంటాం. ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి పనికిరాదు.

క్లచ్ ప్లేటు మార్చాలంటే గేరుబాక్సు దించాలి. ఆ రోజు బండి తిరగదు, కానీ ఫైనాన్సు కిస్తీ ఆగదు. ఇంతా చేసి బిగించాక బండి మళ్లీ అలాగే కొట్టుకుంటే డ్రైవరుకు డబ్బు పోతుంది, మెకానిక్కుకు పేరు పోతుంది. కనుక స్పానరు పట్టుకోకముందే పరీక్ష చేయాలి. ఆ పరీక్షలకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. చాలావరకు కళ్లు, చెవులు, హైస్కూలులో చదివిన ఘర్షణ పాఠం సరిపోతాయి.

1. బలం ప్రయాణించే దారి

ఇంజను చివర ఫ్లైవీల్ తిరుగుతూ ఉంటుంది. దానికి ఆనుకొని క్లచ్ ప్లేటు, దాని వెనుక ప్రెజర్ ప్లేటు ఉంటాయి. ప్రెజర్ ప్లేటులోని స్ప్రింగు క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు గట్టిగా అదిమి పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడి వల్ల పుట్టే ఘర్షణే ఇంజను బలాన్ని గేరుబాక్సుకు అందిస్తుంది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ వెళ్లి స్ప్రింగును నొక్కుతుంది, పట్టు వదులుతుంది. అంటే కాలు తీసినప్పుడు క్లచ్ పూర్తిగా పట్టి ఉండాలి. అప్పుడు కూడా ప్లేటు జారుతోందంటే పట్టులో లోపం ఉన్నట్టే.

ఇంజను సంగతి వేరు. పెట్రోలు ఇంజనులో ప్రతి సిలిండరు మండాలంటే సరైన పాళ్లలో గాలి, పెట్రోలు కలవాలి. తగిన కంప్రెషన్ ఉండాలి. సరైన సమయానికి నిప్పురవ్వ పడాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ సిలిండరు పని చేయదు. 1983 నుంచి 2014 వరకు తయారైన మారుతి 800నే తీసుకోండి. అందులో 796 సీసీ ఇంజను, మూడే సిలిండర్లు. ఒకటి చచ్చిందంటే మూడో వంతు పని ఆగిపోయినట్టే. అందుకే అటువంటి బండి మిస్సయితే స్టీరింగు దాకా వణుకు తెలుస్తుంది.

2. రెండింటినీ వేరు చేసే పరీక్ష

మొదట బండిని నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను నడవనివ్వండి. మూసి ఉన్న గదిలో మాత్రం ఈ పని చేయకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. సైలెన్సరు వెనుక చేయి కొంచెం దూరంగా పెట్టి చూడండి. పొగ ఒకే లయలో కొడుతోందా, మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతోందా? లయ తప్పుతుంటే మిస్సింగ్ ఉన్నట్టు. క్లచ్ జారే జబ్బు న్యూట్రల్‌లో కనబడదు. అయితే కొన్ని మిస్సింగులు బరువు పడినప్పుడే బయటపడతాయి. కాబట్టి న్యూట్రల్‌లో బాగున్నంత మాత్రాన ఇంజనుకు క్లీన్ చిట్ ఇవ్వకూడదు.

తర్వాత రోడ్డు పరీక్ష. ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో నెమ్మదిగా వెళుతూ ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. డ్రైవరు రోడ్డునే చూడాలి, పక్కన కూర్చున్నవారు మీటర్లు చూడాలి. ఇంజను గోల పెరిగి, స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఇంజను గోల కూడా పెరగకుండా బండి తడబడుతూ, కుదుపులిస్తుంటే తప్పు ఇంజను వైపు ఉంది.

ఇందులో చిన్న లెక్క ఉంది. క్లచ్ పూర్తిగా పట్టి ఉంటే, ఒక గేరులో ఇంజను చుట్లకూ బండి వేగానికీ నిష్పత్తి మారదు. ఒక కారు టాప్ గేరులో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఆర్‌పీఎం 2,000 ఉందనుకుందాం. అదే గేరులో 60 కిలోమీటర్లకు 3,000 ఉండాలి. మీటరు 3,500 చూపిస్తోందంటే 500 చుట్లు జారిపోయాయి. ఇంజను బలంలో ఏడో వంతు చక్రాలకు చేరకుండా ప్లేటు దగ్గర వేడిగా మారిపోతోంది. కాలిన వాసన అక్కడి నుంచే వస్తుంది. మారుతి 800 వంటి ఆర్‌పీఎం మీటరు లేని బండ్లలో చెవే మీటరు.

ఇంకో మాట. బ్రేకులు పట్టేసినా బండి లాగదు. సమతలం మీద న్యూట్రల్‌లో వదిలితే బండి సులువుగా దొర్లుతోందా, ఏదైనా ఒక చక్రం మిగతావాటికన్నా బాగా వేడెక్కుతోందా చూసుకోండి.

3. క్లచ్ జారుతోందని నిర్ధారించుకోవడం

జారే క్లచ్ మొదట లోడు మీద బయటపడుతుంది. ఊళ్లో బాగానే తిరిగిన బండి నిండా మనుషులతో తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తూ ముందుకు కదలదు. పెడల్ దాదాపు పైకి వచ్చాక గానీ బండి కదలకపోవడం ఇంకో గుర్తు.

షెడ్డులో చేసే పరీక్ష ఇది. చక్రాల ముందు, వెనుక చెక్క దిమ్మలు పెట్టాలి. బండి ముందు, వెనుక ఎవరూ నిలబడకూడదు. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, కొద్దిగా ఆక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదలాలి. క్లచ్ బాగుంటే ఇంజను వెంటనే ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నట్టు. ఒక్కసారి చేస్తే చాలు. పదేపదే చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలిపోతుంది.

నిర్ధారణ అయ్యాక కూడా వెంటనే గేరుబాక్సు దించవద్దు. ముందు పెడల్ ఫ్రీ ప్లే చూడండి. అంటే పెడల్‌ను చేత్తో నొక్కితే బరువు తగిలే ముందు ఖాళీగా కదిలే దూరం. కేబుల్ క్లచ్ ఉన్న చాలా కార్లలో ఇది సుమారు 15 నుంచి 25 మిల్లీమీటర్లు ఉంటుంది. కచ్చితమైన కొలత ఆ బండి పుస్తకంలో చూడాలి. ప్లేటు అరిగేకొద్దీ ఈ ఖాళీ తగ్గుతూ వస్తుంది. ఖాళీ అసలు లేకపోతే, కాలు పెట్టకపోయినా బేరింగ్ స్ప్రింగును నొక్కుతూనే ఉంటుంది. అప్పుడు కేబుల్ సరిచేస్తేనే జబ్బు పోవచ్చు. సరిచేసినా జారుతుంటే అప్పుడు ప్లేటు వంతు.

దించాక ఫ్లైవీల్ దగ్గర ఆయిల్ తడి ఉందేమో చూడండి. ఇంజను వెనుక సీలు నుంచి గానీ, గేరుబాక్సు సీలు నుంచి గానీ ఆయిల్ కారి ప్లేటు మీద పడితే ఘర్షణ పోతుంది. సీలు మార్చకుండా ప్లేటు మాత్రమే మారిస్తే కొత్త ప్లేటు కూడా తడుస్తుంది. ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా అప్పుడే పరీక్షించాలి. మళ్లీ దించే కూలి మిగులుతుంది.

ఆయిల్ లేకుండా ప్లేటు తొందరగా అరిగిందంటే ఎక్కువసార్లు కారణం హాఫ్ క్లచ్ అలవాటు. నడిపేటప్పుడు పెడల్ మీద కాలు ఆనించి ఉంచడం, ఎత్తు మీద హ్యాండ్ బ్రేకుకు బదులు క్లచ్‌తో బండిని నిలబెట్టడం, ఈ రెండూ మానితే ప్లేటు చాలా కాలం వస్తుంది.

4. మిస్సింగ్ ఏ సిలిండరుదో పట్టుకోవడం

ఇంజను ఐడిలింగ్‌లో ఉండగా ఒక్కొక్క సిలిండరును కొద్ది సెకన్లు ఆపి చూడాలి. బాగా పనిచేసే సిలిండరును ఆపితే ఇంజను ఇంకా కుంటుతుంది. ఆపినా తేడా రాలేదంటే అది ముందే చచ్చిన సిలిండరు. ఇంజెక్టర్లు ఉన్న బండిలో ఇంజెక్టర్ కనెక్టరు తీసి ఈ పరీక్ష చేయడం మంచిది. పాత కార్బురేటర్ బండిలో అయితే ఇంజను ఆపి, ఒక ప్లగ్గు వైరు తీసి, దాని కొస బాడీకి ఎర్త్ అయ్యేలా పెట్టి, మళ్లీ స్టార్టు చేసి చూడండి. నడుస్తున్న ఇంజను ప్లగ్గు వైరును చేత్తో లాగకండి, అందులో వేల వోల్టులు ఉంటాయి.

సిలిండరు తెలిశాక మార్పిడి పరీక్ష. ఒకటో సిలిండరు మిస్సవుతుంటే దాని ప్లగ్గును మూడో దానికి, మూడో దానిని ఒకటో దానికి మార్చండి. మిస్సింగ్ కూడా మూడో దానికి వెళితే ప్లగ్గు చెడింది. వెళ్లకపోతే వైరునో, కాయిల్‌నో అలాగే మార్చి చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

విప్పిన ప్లగ్గును తుడిచేయకుండా ముందు చదవండి. లేత గోధుమ లేక బూడిద రంగులో ఉంటే ఆ సిలిండరు ఆరోగ్యంగా ఉంది. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ, కనుక ఎయిర్ ఫిల్టరు చూడండి. నూనె తడి ఉంటే రింగులు లేక వాల్వ్ సీళ్ల నుంచి ఆయిల్ వస్తోంది. పెట్రోలు తడి, వాసన ఉంటే నిప్పురవ్వ పడడం లేదు. తెల్లగా కాలి బొబ్బలెక్కితే వేడి ఎక్కువైంది, లేదా పెట్రోలు తక్కువవుతోంది.

ప్లగ్గు, వైరు, కాయిల్, ఇంజెక్టర్ బాగున్నా మిస్సవుతుంటే కంప్రెషన్ గేజితో కొలవాలి. అన్ని ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్, పెట్రోలు సరఫరా ఆపి, ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. ఒక సిలిండరు మిగతావాటికన్నా బాగా తక్కువ చూపిస్తే అందులో ఒక టీస్పూను ఇంజను ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. రీడింగు పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్‌లో లోపం.

వానాకాలంలోనే మిస్సయితే రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి చూడండి. పగిలిన వైర్ల నుంచి నీలి రవ్వలు లీకవుతూ కనబడవచ్చు. సీఎన్‌జీ టాక్సీ గ్యాసు మీదే మిస్సయి పెట్రోలు మీద బాగుంటే, గ్యాసు కిట్టుతో పాటు ప్లగ్గులు, కాయిళ్లు కూడా చూడాలి. గ్యాసును మండించడానికి ఎక్కువ వోల్టేజి కావాలి కనుక బలహీనమైన ప్లగ్గు ముందు గ్యాసు మీదే దొరికిపోతుంది.

5. స్కానర్ ఉన్నా ఆలోచన తప్పదు

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఇటువంటి కార్లలో కంప్యూటరే మిస్సింగును పసిగట్టి ఇంజను లైటు వెలిగిస్తుంది. స్కానరులో పి0300 అని వస్తే మిస్సింగ్ ఒక సిలిండరుకే పరిమితం కాలేదని, పి0301 అంటే ఒకటో సిలిండరు, పి0302 అంటే రెండోదని అర్థం. కానీ ఆ కోడు సిలిండరును చూపిస్తుంది గానీ చెడిన పార్టును చూపించదు. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా, వాల్వా అన్నది పై పరీక్షలతో మనమే తేల్చాలి. లైటు ఆగి ఆగి మెరుస్తుంటే బండిని ఎక్కువ దూరం నడపకండి. మండని పెట్రోలు వెళ్లి కెటలిటిక్ కన్వర్టర్‌లో కాలుతుంది. ప్లగ్గుతో పోయే పని కన్వర్టర్ దాకా వస్తుంది.

డీజిలు బండికి స్పార్క్ ప్లగ్గులు ఉండవు కాబట్టి అక్కడ ఇంజెక్టర్లు, డీజిలు లైనులో చేరిన గాలి, కంప్రెషన్ చూడాలి. క్లచ్ గురించి చెప్పినవన్నీ డీజిలు బండికీ వర్తిస్తాయి.

తమ్ముళ్లూ, షెడ్డులో చేరిన మొదటి రోజు నుంచే ఒక నోటుబుక్కు పెట్టుకోండి. బండి ఏమిటి, డ్రైవరు చెప్పిందేమిటి, ఏ పరీక్షలో ఏం కనబడింది, చివరికి ఏం మార్చారు, ఈ నాలుగూ రాసుకోండి. డ్రైవర్లుగా ఉన్నవారు షెడ్డుకు వెళ్లినప్పుడు "క్లచ్ మార్చండి" అనకండి. "టాప్ గేరులో తొక్కితే సౌండు పెరుగుతోంది, స్పీడు పెరగడం లేదు" అని చెప్పండి. ఏ పార్టు మార్చాలన్నా, ఏ పరీక్షలో అది చెడినట్టు తేలిందో అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే మెకానిక్కు దగ్గరకే బండ్లు తిరిగి వస్తాయి. మన హాస్టలు నుంచి వెళ్లే పిల్లలు అటువంటి మెకానిక్కులు కావాలని నా కోరిక.